బుధవారం పడి ఉంటే

నేను తలుపు తీసేసరికి థెల్మా పెదాలకు రంగు వేసుకుని, మెడలో ముత్యాల దండతో వంటింట్లో నిలబడి ఉంది. ఎనభై ఏడేళ్ల మనిషి, వాకర్ లేకుండా!

"వాకర్ ఏది బూబూ?" అన్నాను. మా ఫిజీలో అమ్మమ్మని అలాగే పిలుస్తాం. ఆమెకూ ఆ పిలుపు అలవాటైపోయింది.

"బట్టలుతికే గదిలో దాచాను. నువ్వు నోరు మూసుకుని కూర్చో వసితీ. పదింటికి ఆవిడొస్తుంది."

ఆవిడంటే సర్కారు మనిషి. ఇంట్లో ఒంటరిగా ఉండే ముసలివాళ్లకి ఎంత సాయం కావాలో చూసి రాసుకుపోతుంది. ప్రస్తుతం నేను వచ్చేది మంగళవారం, శుక్రవారం మాత్రమే. స్నానం, మందులు, కాస్త వంట. రోజూ మనిషి కావాలని నన్ను పంపే ఆఫీసు అడిగింది. ఈవిడగారు ఇలా సింగారించుకుని బాగున్నానంటే ఉన్న రెండు రోజులూ ఊడినా ఊడొచ్చు.

పోయిన మంగళవారం నేను వచ్చేసరికి స్నానాల గదిలో నేలమీద ఉంది. ఐదింటికి పడిందట, నేను వచ్చింది ఎనిమిదింటికి. పడితే నొక్కి సాయం పిలవడానికి మెడలో ఉండాల్సిన అలారం బటన్ తలుపు కొక్కేనికి వేలాడుతోంది. అదే బుధవారం పడి ఉంటే శుక్రవారం దాకా ఆ తలుపు తీసేవాళ్లు లేరు. పిల్లలు లేరు, భర్త పోయి పదేళ్లు. వారం నుంచి నాకు సరిగ్గా నిద్ర లేదు.

"నీకు దండం పెడతా బూబూ, నిజం చెప్పు."

"చెప్తే వృద్ధాశ్రమంలో పడేస్తారు. మన మూంటా ఊళ్లోనే, పై వీధి డోరీన్‌ని అలాగే తీసుకుపోయారు. ఓపిక లేదని ఒక్క మాటంది, అంతే. మళ్లీ ఇల్లు చూళ్లేదు."

"ఈవిడ సాయం పంపిస్తుంది, నిన్ను పంపించెయ్యదు."

"నువ్వొట్టి అమాయకురాలివే పిల్లా."

వచ్చినావిడ పేరు బ్రాన్విన్. మెత్తని మనిషి. థెల్మా తనే టీ పెట్టి ఇచ్చింది. వారమంతా సాధన చేసినట్టుంది, కప్పు తొణకలేదు. బల్ల అంచూ కుర్చీ వీపూ ఆసరా చేసుకుని నడుస్తోందని నాకు తెలుసు, బ్రాన్విన్‌కి తెలియదు.

"స్నానం మీరే చేసుకుంటారా?"

"మరి పక్కింటాయన చేయిస్తాడా? అంత అదృష్టం కూడానా!"

బ్రాన్విన్ పకపకా నవ్వింది.

"ఈమధ్య ఎప్పుడైనా పడ్డారా?"

"లేదే."

ఇక ఆగలేకపోయాను. "పోయిన మంగళవారం పడిపోయిందండీ. మూడు గంటలు నేలమీదే ఉంది."

పెద్దవాళ్ల మాటను పరాయివాళ్ల ముందు కాదనడం మా ఇళ్లలో మహా తప్పు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

థెల్మా నా వైపు చూడనైనా లేదు. "పని పోతుందని దాని భయం. ఎన్ని గంటలుంటే అంత జీతం కదా, పాపం," అంది.

చెంప మీద కొట్టినట్టయింది. బ్రాన్విన్ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఏదో రాసుకుని లేచింది.

వీధి తలుపు మూసుకోగానే థెల్మా మోకాళ్లు సడలిపోయాయి. నేను పట్టుకునేలోపే నేలకు జారిపోయింది. దెబ్బ తగల్లేదు గానీ ఆపుకోలేక గౌను తడుపుకుంది. కిటికీలోంచి చూశాను. కారు ఇంకా అక్కడే ఉంది, లోపల బ్రాన్విన్ రాసుకుంటోంది.

థెల్మా నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. "నన్ను లేపు. ఆవిణ్ణి పిలిచావంటే ఇక నీ మొహం చూడను."

లేపితే పరువు నిలుస్తుంది, మళ్లీ పడేదాకా. చెయ్యి విడిపించుకుని, ఆమె మీద దుప్పటి కప్పి, బయటికి పరుగెత్తాను.

బ్రాన్విన్ వచ్చి నేలమీదే ఆమె పక్కన కూర్చుంది.

"ఉంగరం పడిపోతే వెతుకుతున్నా," అంది థెల్మా, గోడ వైపు చూస్తూ. కాసేపటికి చిన్నపిల్లలా ఏడ్చింది. "పోయిన మంగళవారం ఎంత అరిచానో. ఎవరూ రాలేదు."

మూడు వారాలకు థెల్మాకి సర్కారు నుంచి ఉత్తరం వచ్చింది. ఇంట్లోనే ఉండొచ్చు, రోజూ పొద్దున్నే మనిషి వస్తుంది. ఆ సాయంత్రమే కారులో ఇంటికి వెళ్తుంటే ఆఫీసువాళ్లు నాకు ఫోన్ చేశారు. వసితి వద్దు, వేరే ఎవరినైనా పంపండి అని థెల్మా అందట.

కారు పక్కకు ఆపి ఏడ్చాను. బాధతో కొంత, కోపంతో కొంత. తర్వాత కళ్లు తుడుచుకుని, నా బదులు వెళ్లబోయే అమ్మాయికి ఫోన్ చేశాను.

"నీళ్లు కాస్త వేడిగా ఉండాలి. ఎడమ భుజం నొప్పి, మెల్లగా రుద్దు. బయటికి పొమ్మని తిడుతుంది. తిట్టనీ, పక్కనుంచి మాత్రం కదలకు."