గొళ్ళెం బయట ఉన్న గది

దయ్యాలకు చిరునామా ఉండదని ఎవరన్నారో గానీ, ఆ ఆఫీసులో మాత్రం ఉండేది. రెండో అంతస్తులో, మెట్ల పక్క గదిలో, ఇనుప బీరువాలో, అట్ట ఫైళ్ళలో, ఇంటి నంబరుతో సహా ఉండేది. ఫలానా పాడుబడ్డ మేడలో పెళ్ళికూతురు ఉరేసుకుందట, ఫలానా బంగళాలో డాక్టరు పిచ్చెక్కి ఇంటిల్లిపాదినీ చంపేశాడట అంటూ ఫోన్లలో తిరిగే కాకమ్మ కబుర్లన్నీ చివరికి ఆ గదికే చేరేవి. అందులో నిజమెంతో తేల్చి వారానికొకటి పేపర్లో రాయడం ఆ గదిలో కూర్చునే ఆవిడ ఉద్యోగం. ఆవిడ అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా వినపడదు. ఆఫీసంతటికీ ఆవిడ ఆధారం మేడమ్. బయట వాన పడుతోందని చెప్పినా సరే, "ఆధారం?" అని అడిగే మనిషికి అంతకంటే ఏం పేరు పెడతారు?

ఆవిడకో పద్ధతి ఉంది. తెల్ల కాగితం మీద పెన్సిలుతో ఒక గడి గీసి, కథను ఆఖరున చెప్పినవాళ్ళ పేరు అందులో రాస్తుంది. వాళ్ళకెవరు చెప్పారో దాని వెనక గడిలో, వాళ్ళకెవరు చెప్పారో ఇంకా వెనక గడిలో. అలా పోయి పోయి, మొట్టమొదట నోరు జారిందెవరో దొరికేదాకా వదలదు. ఆఫీసులో దాన్ని గొలుసు అంటారు. గొలుసు మొదలు దొరికి, అది పేపర్లో అచ్చయితే తప్ప ఏ కథనూ అబద్ధమని తేల్చడానికి వీల్లేదు. ఆ నియమం పెట్టింది కూడా ఆవిడే. అది తన మెడకే చుట్టుకుంటుందని పాపం అప్పుడావిడకేం తెలుసు.

ఒకరోజు పదకొండు గంటలప్పుడు నలభై దాటిన ఒకావిడ వచ్చింది. బడి పిల్లల యూనిఫారాలు కుట్టే దుకాణంలో టైలరట. మెడలో కొలతల టేపు తియ్యడం మర్చిపోయి అలాగే వచ్చేసింది.

"గొళ్ళెం ఇంటి కథ మీకు తెలుసా మేడమ్?"

తెలియకేం. ఆ నెలంతా ఫోన్లలో అదే మోత. ఒక తల్లి కన్నకూతురు అడ్డమని మేడ గదిలో పడేసి, బయట గొళ్ళెం పెట్టి వెళ్ళిపోయిందట. పిల్ల మూడు రోజులు కిటికీ కొట్టి కొట్టి చచ్చిపోయిందట. ఇప్పటికీ పొద్దువాలే వేళ ఆ కిటికీ అద్దం మీద మూడు దెబ్బలు వినిపిస్తాయట. వీడియోలో మెట్లు, గది, తుప్పు పట్టిన గొళ్ళెం అన్నీ చూపించారు.

"తెలుసమ్మా. ఆ పిల్ల నిజంగా చనిపోయిందనడానికి మీ దగ్గర ఆధారం ఏమైనా ఉందా?" అంది మేడమ్ అలవాటుగా.

"లేదండీ. ఆ పిల్లని నేనే."

మేడమ్ పెన్సిలు కింద పెట్టింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో దయ్యం తనంతట తాను ఆఫీసుకొచ్చి, కుర్చీ లాక్కుని కూర్చోవడం ఇదే మొదలు. నవ్వొచ్చింది కూడా. కానీ ఎదుటి మనిషి ముఖం చూసి ఆ నవ్వును అక్కడే మింగేసింది.

టైలరు గొంతు పెంచకుండా, కొలతలు చెప్పినట్టే చెప్పుకొచ్చింది. వాళ్ళమ్మకి డెబ్బై ఒకటి. రెండేళ్ళుగా మతిమరుపు. మొదట తాళాలు, తర్వాత రోజులు, తర్వాత మనుషులు. పక్కింటావిడ ఫోన్లో ఆ వీడియో చూస్తుంటే పెద్దావిడ కంట పడింది. తన మెట్లు, తన గది, తన గొళ్ళెం. గుర్తుపట్టింది. ఇంకేముంది, ఆ కథంతా తనదే అనుకుంది. అప్పట్నుంచి తన కూతుర్ని తనే చంపుకున్నానని ఏడుపు. ముద్ద ముట్టదు, కన్ను మూయదు.

"నేనే నీ కూతుర్నమ్మా అని రోజూ చెప్తాను. నా వంక జాలిగా చూసి, నువ్వు మంచిదానివమ్మాయ్, నన్ను ఓదార్చడానికి అంటున్నావు అంటుంది. మనిషి పుల్లలా అయిపోయింది. ఎన్నాళ్ళో ఉండదని డాక్టరు కూడా అన్నారు. పోయేలోగా..." ఆమె టేపు కొసను వేలికి చుట్టుకుంది. "పిల్లని చంపానన్న మాట గుండెల్లో పెట్టుకుని పోకూడదు మేడమ్. ఆవిడ అచ్చయిన మాట నమ్ముతుంది. బైండింగు షాపులో ముప్పై ఏళ్ళు కాగితాలు మడిచింది. అచ్చు కళ్ళబడితే ఇప్పటికీ కూడబలుక్కుని చదువుతుంది. మీరు అచ్చు వేస్తే నమ్ముతుంది."

"వేస్తాను. కానీ ముందు గొలుసు పూర్తి కావాలి," అంది మేడమ్.

మర్నాడు టైలరు చిన్నప్పుడు చదివిన బడికెళ్ళి పాత రిజిస్టరు చూసింది. ఆ చిరునామా పిల్ల అయిదో తరగతి మధ్యలో టి.సి. తీసుకుని వేరే బడికి మారింది. చచ్చిపోయిన పిల్లలు టి.సి. తీసుకోరు. మరణాల రిజిస్టరులో ఆ ఇంటి నంబరే లేదు. ఇంటి యజమాని పోయాక వారసులు వాటాల కోసం కోర్టుకెక్కారు, అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేశారు, ఇల్లు పాడుబడింది. ఎంత చప్పటి నిజమో చూడండి. ఇలాంటి నిజాన్ని ఎవరు పట్టించుకుంటారు?

మధ్యాహ్నం ఇద్దరూ కలిసి ఆ ఇంటికి వెళ్ళారు. మెట్లెక్కుతుంటే మేడమ్‌కి ఇదివరకు ఎక్కినట్టే అనిపించింది. పాడుబడ్డ ఇళ్ళన్నీ ఒకలాగే ఉంటాయిలే అని సరిపెట్టుకుంది. పైన గది తలుపుకు గొళ్ళెం నిజంగానే బయట ఉంది.

"ఇది మాత్రం అబద్ధం కాదు మేడమ్," అంది టైలరు. "మా నాన్న లేడు. నన్ను చూసేవాళ్ళు లేరు. మధ్యాహ్నం బడి వదలగానే అమ్మ పరుగున వచ్చి, నన్ను తెచ్చి, తిండి పెట్టి, ఈ గదిలో ఉంచి మళ్ళీ పనికి పోయేది. ఒకసారి నేను కిందికి దిగి రోడ్డు మీదికి పోయి లారీ కింద పడబోయాను. ఆ రోజు బిగించింది ఈ గొళ్ళెం. బిగిస్తూ ఏడ్చింది. సాయంత్రం అమ్మ వీధి మలుపు తిరగడం కనపడగానే అద్దం మీద మూడుసార్లు కొట్టేదాన్ని. బాగానే ఉన్నాను, ఆకలేస్తోంది, తొందరగా రా అని. అందుకే నన్ను పిచ్చుకా అని పిలిచేది."

తలుపు చట్రం మీద, గొళ్ళేనికి జానెడు దూరంలో, ఒకదాని మీద ఒకటి అయిదు పెన్సిలు గీతలున్నాయి. ఏటా బడి తెరిచే ముందురోజు యూనిఫారం కొలత కోసం వాళ్ళమ్మ గీసినవి. టైలరు వంగి, అన్నిటికంటే కింది గీతను వేలితో తడిమింది. మేడమ్ ఆ గీతల వంక చూస్తూ ఉండిపోయింది. ఇవి కూడా ఎక్కడో చూసినట్టే ఉంది.

మిగిలింది గొలుసు. వీడియో చేసిన కుర్రాళ్ళు ఒక చిన్న పుస్తకం చూపించారు. పుస్తకం రాసినాయన ఒక వారపత్రిక పేరు చెప్పాడు. ఆ వారపత్రికలో కథ కింద "ఒక దినపత్రిక నుంచి" అని ఉంది. తీరా చూస్తే ఆ దినపత్రిక వాళ్ళదే. మేడమ్ కింది అంతస్తులోని పాత సంపుటాల గదికి దిగింది. ఇరవై మూడేళ్ళ కిందటి ఆదివారం పేజీ తిప్పింది. "ఆ తల్లి వేసిన గొళ్ళెం తీసేవారు నేటికీ లేరు" అని మొదలైంది కథ. రెండో వాక్యం చదవక్కర్లేకపోయింది. చూడకుండానే గుర్తుకొచ్చింది.

అప్పుడావిడకు పాతికేళ్ళు. ఉద్యోగంలో చేరి మూడు నెలలు. ఆదివారం వింతల శీర్షికకు వారం వారం రెండు కాలమ్‌లు నింపాలి. వింతలు వారం వారం జరుగుతాయా? నింపింది. అలాంటివి ఎన్ని రాసిందో లెక్కే లేదు. పైనున్న సబ్‌ఎడిటరు ఒక కిటుకు నేర్పాడు: పేర్లు రాయకు, పేరు లేని కథ ఎవరిదీ కాదు, ఎవరూ వచ్చి అడగరు అని. ఆ వీధి చివర కొట్టతను, "ఇక్కడో పిల్ల రోజూ కిటికీ కొడుతుండేదమ్మా," అన్నాడు. ఆ పిల్ల ఏమైందని ఈవిడ అడగలేదు. అడిగుంటే ఇల్లు మారారని చెప్పేవాడు. ఒక్క మాట. ఆధారం ఏదని ఊరందరినీ అడిగే మనిషి ఆ రోజు అడగలేదు.

సంపుటం మూసి, దుమ్ములోనే నేల మీద కూలబడింది.

ఆ సాయంత్రమే యూనిఫారాల దుకాణానికి వెళ్ళింది. ఫోన్లో చెప్పే మాట కాదు. టైలరు మిషను ముందు కూర్చుని తెల్లచొక్కాకు జేబు కుడుతోంది. మేడమ్ నిలబడే చెప్పింది. "గొలుసు మొదలు దొరికింది. రాసింది నేనే."

మిషను ఆగింది. టైలరు దారాన్ని పళ్ళతో కొరికి, జేబును రెండు వేళ్ళతో సాపు చేసింది. అరుస్తుందేమో, తిడుతుందేమో అని మేడమ్ చూసింది. తిడితే బాగుండుననుకుంది.

"అప్పుడు గది దాకా ఎక్కారా?"

"ఎక్కాను."

"గొళ్ళెం పక్కన గీతలు చూశారా?"

"చూశాను."

"మరి అవెందుకు రాయలేదు?"

"రాస్తే... కథ నిలబడదు. పిల్ల అడ్డమనుకునే తల్లి ఏటా పిల్ల ఎత్తు చూసుకోదు కదా."

టైలరు తల దించుకుంది. తెల్లచొక్కా మీద కన్నీటి చుక్క పడితే గబుక్కున పక్కకు జరిపింది, మరక పడుతుందని. "ఈసారి అవి కూడా రాయండి," అంది. అంతే. మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది.

ఎడిటరు మాత్రం కాగితం చదివి ముఖం చిట్లించాడు. "ఒక పాత పత్రిక అని రాసి ఊరుకోక, మన పరువు మనమే బజార్లో పెట్టుకోవడం దేనికండీ?"

"మొదలు లేకుండా అబద్ధమని రాయకూడదని నియమం ఉంది సార్."

"ఆ నియమం పెట్టింది మీరే కదా."

"అందుకే సార్."

ఆయన గొణుక్కుంటూనే వేశాడు. ఏడో పేజీలో, అగ్గిపెట్టెంత జాగాలో కాదు, నిండుగా రెండు కాలమ్‌లు. ఆ పేపరు పట్టుకుని, పొద్దువాలే వేళకి మేడమ్ టైలరు ఇంటికి వెళ్ళింది.

ఒకే గది, వీధి వైపు ఒక కిటికీ. పెద్దావిడ మంచం అంచున కూర్చుని, మోకాలి మీద ఒక పాత కాగితాన్ని మడుస్తూ, విప్పుతూ, మళ్ళీ మడుస్తూ ఉంది. మడత అంచు ఇప్పటికీ కత్తితో కోసినట్టే వస్తోంది. మేడమ్ పేపరు ఇచ్చింది. ఆవిడ ముందు వాసన చూసింది. తర్వాత వేలు పెట్టి, ఒక్కో మాటా కూడబలుక్కుని చదివింది. పిల్ల చనిపోలేదు. కథ రాసిన మనిషి అబద్ధం రాసింది. గొళ్ళెం పిల్ల రోడ్డు మీదికి పోకుండా పెట్టింది. తలుపు చట్రం మీద పిల్ల ఎత్తు గీతలు అయిదున్నాయి. అయిదు దగ్గర వేలు ఆగిపోయింది.

"అయిదే," అంది. "ఆరోది గీద్దామనుకునేలోపు ఇల్లు మారాం." తలెత్తి మేడమ్ వంక చూసింది. "అయితే నా పిచ్చుక బతికే ఉందన్నమాట."

"ఉందమ్మా. ఆ అబద్ధం రాసింది నేనే. నన్ను క్షమించండి."

ఆ మాట ఆవిడ చెవికెక్కనే లేదు. ముఖమంతా విప్పారింది. పక్కన నిలబడ్డ టైలరు చెయ్యి పట్టుకుని, "చూశావా అమ్మాయ్, అచ్చులో పడింది, బతికే ఉందట," అంది. మేడమ్ గుండె మీంచి బరువు దిగబోయింది. దిగలేదు. పెద్దావిడ ముఖం మెల్లగా ముడుచుకుపోయింది.

"మరి ఇన్నేళ్ళూ ఎందుకు రాలేదు? గొళ్ళెం పెట్టాననా? అంత కోపమా తల్లి మీద?"

మేడమ్‌కి తల కొట్టేసినట్టయింది. నిజం రాస్తే చాలనుకుంది. పిల్ల చచ్చిపోయిందన్న ఏడుపు పోయి, బతికుండీ రాలేదన్న ఏడుపు వచ్చి కూర్చుంది. కూతురి చెయ్యి పట్టుకునే ఆ తల్లి కూతురు రాలేదని ఏడుస్తోంది. ఆ చెయ్యి ఎవరిదో ఆవిడకు తెలియదు.

టైలరు మెల్లగా చెయ్యి విడిపించుకుంది. మెడలోంచి టేపు తీసి మూలనున్న కుట్టు మిషను మీద పెట్టి, బయటికి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసింది.

ఆమె ఏం చెయ్యబోతోందో మేడమ్‌కి అర్థమైంది. లేచి, చప్పుడు కాకుండా తలుపుకు లోపలి నుంచి గొళ్ళెం పెట్టింది. ఆ తల్లీకూతుళ్ళ మీద అది ఆవిడ రెండో కల్పన.

కిటికీ అద్దం మీద మూడు దెబ్బలు వినిపించాయి.

పెద్దావిడ ఏడుపు ఆగింది. కాగితం ఒళ్ళోంచి జారింది. "వస్తున్నా, వస్తున్నా," అంటూ గోడ పట్టుకుని లేచింది. నాలుగడుగులు వెయ్యడానికి ఎంతసేపు పట్టిందో. మనుషుల్ని మర్చిపోయిన ఆవిడ చేతులు గొళ్ళేన్ని మర్చిపోలేదు. ఒక్క ఊపులో తీసింది.

"ఆలస్యమైందా పిచ్చుకా? భయపడ్డావా?"

"లేదమ్మా. ఇప్పుడే కొట్టాను," అంది గడపలో నిలబడ్డ కూతురు.

తల్లి ఆమెను కిందినుంచి పైకి చూసింది. చెయ్యెత్తి నడినెత్తిన పెట్టబోతే అందలేదు. కూతురు కొంచెం వంగింది.

"ఎంత ఎదిగిపోయావే. నేను చూడనే లేదు."

రేపు పొద్దున్నకి ఇదంతా మర్చిపోతుందని కూతురికి తెలుసు. రేపు సాయంత్రం మళ్ళీ బయటికెళ్ళి కొట్టాలనీ తెలుసు. తల్లి ఆమెను తలుపు చట్రానికి ఆనించి నిలబెట్టి, పెన్సిలు కోసం అటూ ఇటూ తడుముకుంది. గొలుసు గీసే పెన్సిలు మేడమ్ సంచిలో ఉంది. తీసి ఇచ్చింది.

"కదలకు, గీత వంకరపోతుంది," అంది తల్లి.

నలభై మూడేళ్ళ కూతురు మడమలు చట్రానికి ఆనించి, గడ్డం సమంగా పెట్టి, కదలకుండా నిలబడింది.