ఎక్కడికీ వెళ్ళనివాళ్ళు

ఆదివారం పొద్దున ఆమె అంట్లు తోముతుండగా బెల్ మోగింది. భర్త పేపరు పక్కన పెట్టి వెళ్ళి తలుపు తీశాడు.

"ట్రామ్ సర్వే అండీ. ఊరి నడిబొడ్డున ట్రామ్ లైను వేస్తున్నారు కదా. మీ ఇంట్లో ఎవరెవరు రోజూ ఎక్కడెక్కడికి వెళ్తారో రాసుకోవాలి" అన్నాడు వచ్చినాయన.

వంటింట్లో ఆమె చేతులు ఆగిపోయాయి. ఆ సర్వే ఫారం తయారుచేసింది తనే. నగర ప్రణాళికా కార్యాలయంలో పద్నాలుగేళ్ళుగా ఇంజనీరు. లాటరీలో తీసిన వేల ఇళ్ళలో తమ ఇల్లు కూడా వచ్చిందన్నమాట. నవ్వొచ్చింది. తన ప్రశ్నలకు జవాబులెలా వస్తాయో విందామని కుళాయి కట్టేసింది.

భర్త తన గురించి తీరిగ్గా చెప్పాడు. ఆఫీసు, ఆఫీసు నుంచి క్లబ్బు, క్లబ్బు నుంచి స్నేహితుడి ఇల్లు. సిగరెట్ల కోసం సందు చివరిదాకా వెళ్ళడం కూడా చెప్పాడు. తిరిగి ఇంటికి రావడంతో కలిపి అయిదు ప్రయాణాలు.

"మీ మిసెస్‌గారు?"

"ఆవిడా? పొద్దున ఆఫీసుకి పోతుంది, సాయంత్రం వస్తుంది. అంతే."

"పెద్దావిడ?"

"మా అమ్మ ఎక్కడికీ వెళ్ళదండీ. ఇంట్లోనే."

"ఒకసారి వాళ్ళనే పిలుస్తారా?"

"ఎందుకండీ? వాళ్ళ గురించి నాకు తెలియనిదేముంది?"

ఇద్దరూ నవ్వుకున్నారు. తలుపు మూసుకుంది.

ఆమె సబ్బు నురగ వేళ్ళ మీద మొన్న శుక్రవారం ప్రయాణాలని లెక్కపెట్టుకుంది. తెల్లారకముందే పాలకి. పాపని బడిలో దింపడానికి. అక్కణ్ణుంచి ఆఫీసుకి. మధ్యాహ్నం తిండి మానేసి, అత్తయ్య బీపీ మాత్రల కోసం మందుల షాపుకి, మళ్ళీ ఆఫీసుకి. సాయంత్రం బడికి, బడి నుంచి పాపతో లెక్కల ట్యూషన్‌కి, అది అయ్యేలోగా కూరగాయలకి, భర్త ప్యాంటు నడుం వదులు చేయించడానికి టైలరు దగ్గరికి, మళ్ళీ ట్యూషన్ దగ్గరికి, ఇంటికి. రెండు చేతుల వేళ్ళు చాల్లేదు. పదిహేనేళ్ళు ఒకే కప్పు కింద ఉన్న మనిషికి అందులో రెండే కనిపించాయి. అబద్ధమాడాడని కూడా అనలేం, ఆయనకి నిజంగానే తెలియదు. అసలు ఫారం మొదట్లో 'ఇంట్లో ప్రతి ఒక్కరినీ విడివిడిగా అడగాలి' అని రాసింది తను. "ఇంటికి ఒక్కరు చెబితే చాలమ్మా, టైము కలిసొస్తుంది" అని చీఫ్ కొట్టేస్తే, సరే సార్ అని ఊరుకున్నదీ తనే.

మూడు వారాలకి లెక్కలు తేలాయి. ట్రామ్ రైల్వే స్టేషన్ నుంచి ఆఫీసుల వీధి మీదుగా కోర్టుదాకా తిన్నగా వెళ్తే చాలు. మొదట గీసిన దారిలో పెద్దాసుపత్రి దగ్గర ఒక మలుపు, ఒక స్టాపు ఉండేవి. చీఫ్ వాటి మీద ఎర్రగీత పెట్టాడు.

"ఆసుపత్రికి రోజూ వెళ్ళేవాళ్ళే లేరమ్మా. నీ సర్వేనే చెబుతోంది."

"సార్, పదిళ్ళలో తొమ్మిదిళ్ళలో మగవాళ్ళే జవాబులు చెప్పారు. ఆడవాళ్ళని అడగలేదు. రెండు వందల ఇళ్ళకైనా మళ్ళీ వెళ్దాం. మా ఇంట్లోనే నావి పదకొండు ప్రయాణాలైతే రెండని రాశారు."

చీఫ్ కళ్ళజోడు తీసి నవ్వాడు. "కూరగాయలకి వెళ్ళడం కూడా ప్రయాణమేనా? అది పని. మీ ఇంట్లో గొడవలుంటే ఇంట్లో చూసుకో. గురువారం కౌన్సిల్ మీటింగు. సర్వే సరైనదేనని సంతకం పెట్టి పంపు."

ఆ సాయంత్రం అత్తగారు వరండాలో బట్టలు మడతపెడుతోంది. ఆమె పక్కన కూర్చుని ఒక తువ్వాలు అందుకుంది.

"అత్తయ్యా, మీరు పగలు ఎక్కడికైనా వెళ్తుంటారా?"

అత్తగారు వీధి గుమ్మం వైపు చూసింది. "వాడు రాలేదుగా?"

"ఇంకా లేదు."

"పెద్దాసుపత్రికి. మా అక్క అక్కడ మంచాన పడి మూడేళ్ళయింది కదా. మీ ఆయనకీ వాళ్ళకీ మాటల్లేవు, చూడ్డానికి వెళ్తే ఊరుకోనన్నాడు. మీరంతా వెళ్ళాక పదకొండింటికి బయల్దేరతాను. రెండు బస్సులు. తినిపించి, ఒళ్ళు తుడిచి, పాప వచ్చేలోగా వచ్చేస్తాను."

"రోజూనా?"

"ఆకలి రోజూ వేస్తుందిగా అమ్మాయ్."

ఆమె తువ్వాలు మడత విప్పి మళ్ళీ వేసింది. ఏడాది కిందట అత్తగారు మోకాళ్ళ నొప్పులంటే, ఇంట్లో కూర్చునేవాళ్ళకి ఏం నొప్పులని భర్త అన్నాడు. అప్పుడు తనకీ అలాగే అనిపించింది.

"ఆ రోజు సర్వే ఆయన వచ్చినప్పుడు చెప్పాల్సింది అత్తయ్యా."

"నేనైతే భయపడ్డాను. చదువుకున్నదానివి, ఆ ఆఫీసుదానివి. నువ్వెందుకు నోరు విప్పలేదు?"

వంటింట్లో నిలబడి, తనని పిలుస్తారని చూసింది. అంతే.

గురువారం పొద్దున ఆమె సంతకం పెట్టకుండా కాగితం చీఫ్ బల్ల మీద పెట్టింది. కింద రెండు వాక్యాలు రాసింది: 'ఈ సర్వేలో ఆడవాళ్ళను అడగలేదు. దీన్ని సరైనదని నేను చెప్పలేను.' చీఫ్ కేకలు వేయలేదు. బెల్ కొట్టి పక్క సెక్షన్ ఇంజనీరుని పిలిచాడు, అతను చదవకుండానే ఇంకో కాపీ మీద సంతకం గీకాడు. మధ్యాహ్నానికల్లా కౌన్సిల్ చప్పట్లతో లైను ఆమోదించింది. సాయంత్రానికి ఆమెని ఆఫీసు ఉత్తరాలు చూసే తపాలా విభాగానికి మార్చారు. "ఒక్క సంతకానికి ఇంత పొగరా? నలుగురిలో నా తల కొట్టేసినట్టయింది" అని భర్త వారంపాటు ముఖం మాడ్చుకున్నాడు. ఆ వారమంతా కంచంలో వడ్డించింది మాత్రం వదల్లేదు.

వారం గడిచాక సోమవారం ఆమె సెలవు పెట్టింది. పదకొండింటికి అత్తగారి చేతిలోంచి క్యారియర్ అందుకుని "పదండి" అంది. అత్తగారు ఒక్క క్షణం తటపటాయించి చెప్పులు వేసుకుంది.

రెండో బస్సు ఎక్కేసరికి కాలు పెట్టే చోటు లేదు. సగానికి పైగా ఆడవాళ్ళే. ఒళ్ళో క్యారియర్లు, ఫ్లాస్కులు, ఎక్స్‌రే కవర్లు. ఒకావిడ జరిగి అత్తగారికి చోటిచ్చింది.

"ఈ ఆదివారమూ రాలేదుగా వదినా. మీ అక్కకి నేనే తినిపించాను."

"ఆదివారాలు వాడు ఇంట్లో ఉంటాడుగా" అని అత్తగారు నవ్వింది. ఇంట్లో ఎన్నడూ వినని నవ్వు అది. "ఇదిగో, మా కోడలు. ఆ ట్రామ్ ఆఫీసులోనే చేస్తుంది."

చుట్టూ ముఖాలు తిరిగాయి. కొందరు సర్దుకుని ఆమెకీ చోటు చేశారు.

"మంచిమాట చెప్పావు. ట్రామ్ ఆసుపత్రి ముందు ఆగుతుందటగా అమ్మా? ఈ కుదుపులు తప్పుతాయి. ఎప్పుడొస్తుంది?" అంది చోటిచ్చినావిడ, చేతిలో ఫ్లాస్కుతో.

తపాలా విభాగంలో నోరు మూసుకుని కూర్చుంటే ఇంకా ఇరవై ఏళ్ళ ఉద్యోగముంది. ఆమెకి ఆ సంగతి గుర్తొచ్చింది. అయినా చెప్పింది.

"ఆగదండీ. మీరెవరూ అక్కడికి వెళ్ళరని రాసుకున్నారు. నెలలోపు అభ్యంతరాలు చెప్పొచ్చు, ఇంకా పందొమ్మిది రోజులుంది. కాగితం నేను రాస్తాను. మీరు చెప్పండి."

ఆవిడ ఫ్లాస్కు రెండో చేతిలోకి మార్చుకుంది.

"చెప్తాను గానీ, మా ఆయన్ని ఒక్కమాట అడిగి చెప్తాను."