తౌసీఫ్ ఊపిరి తీసుకునే చోటు

సాయంత్రం మగ్రిబ్ అజాన్ కాగానే జుబేర్ చెవుల్లో పత్తి కుక్కుకుంటాడు. ఆ వేళకే తల్లి రబియాబీ పొయ్యి ముందు కూర్చుని, చనిపోయిన పెద్దకొడుకు తౌసీఫ్ బాణీని కూనిరాగం తీస్తుంది. జుబేర్‌కు ఏ పాటైనా ఒక్కసారి చెవిన పడితే వచ్చేస్తుంది; అలా నేర్చుకున్నాడంటే, పాడినవాళ్లు దాన్ని మరిచిపోతారు. సిద్దిపేటలో ఇది అందరికీ తెలిసిన సంగతే. అతను గిటార్ భుజాన వేసుకుని కనబడగానే, కూరగాయల ఐలవ్వ పాడుతున్నది ఆపేస్తుంది.

"జర చెవులు మూసుకో బిడ్డా. నాకున్నయే రెండు పాటలు."

జుబేర్ నవ్వి చెవులు మూసుకుని దాటిపోతాడు.

తౌసీఫ్ స్కూటర్ మెకానిక్. ప్రత్యేక రాష్ట్రం కోసం దీక్షా శిబిరంలో కూర్చుని, జ్వరం ముదిరి పోయాడు. పని చేసుకుంటూ తనే కట్టుకున్న ఆ మాటల్లేని బాణీ ఇప్పుడు తల్లికి ఒక్కదానికే వచ్చు. సాయంత్రం అది పాడుకోకపోతే ఆమెకు ముద్ద దిగదు. అందుకే, ఉద్యమ పాటల ధూంధాం సభలో ఆ బాణీ వాయించమని శిబిరం పిల్లలు వచ్చి అడిగితే జుబేర్‌కు భయం వేసింది.

సకల జనుల సమ్మెకు బడులన్నీ మూతపడ్డాయి. బడిలో సంగీతం చెప్పే స్వరాజ్యం మేడం ఇంటికొచ్చి, జుబేర్‌ను బయటికి పంపి, రబియాబీ పాడుతుంటే ఐదు గీతల మీద బాణీ రాసిచ్చింది. కాగితం చూసి నేర్చుకుంటే ఎవరిదీ పోదు. ఏళ్ల తరబడి పెళ్లి బరాత్‌లలో పరుగెత్తిన జుబేర్ వేళ్లు, ఒక్కో చుక్క చూసి ఒక్కో తీగ వెతుక్కోవడం మొదలుపెట్టాయి. చిన్నపిల్లాడిలా గొణుక్కుంటూ చదివాడు. చుక్కలు లొంగాయి గానీ, ఆగమని చెప్పే గుర్తులు మాత్రం చేతికి ఎక్కలేదు.

"గీడ ఏం వాయించొద్దు తమ్మీ. ఊకుండాలె," అనేది మేడం.

"బరాత్‌ల ఊకుంటే దుల్హా గుర్రం నిలవడతది మేడం."

ఎంత పట్టుకున్నా ఆ ఖాళీలోకి ఏదో ఒక మోత జారిపోయేది. వీడి చేతికి నోరెక్కువని ఆమె తల పట్టుకునేది.

సభకు ముందురోజు తల్లికి వినిపించాడు. ఆమె చివరిదాకా విని తల దించుకుంది.

"అన్నీ ఉన్నయి బేటా. వాడే లేడు. నడుమ దమ్ము తీసుకుంటుండె, గక్కడ నువ్వు వాయిస్తనే ఉన్నవ్."

"ఇంకొన్ని దినాలైతే వస్తది అమ్మీ."

"సభ రేపే. వాడు కూసున్న జాగలనే."

ఆమె గొంతు సవరించుకోగానే జుబేర్ రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. ఆమె ఆ చేతులు లాగి తన ఒళ్లో పెట్టుకుంది.

"వద్దు అమ్మీ. నీకేం మిగలదు."

"నా కాడుంటే నాతోనే పోతది. నీ కాడుంటే ఊరంత వింటది."

పాడింది. నడుమ ఆగి ఊపిరి తీసుకుంది. ఆ కాస్త ఖాళీలో అన్న పక్కనే కూర్చున్నట్టనిపించి జుబేర్ ఏడ్చాడు. చేయి విడిపించుకోవాలనుకున్నాడు, విడిపించుకోలేదు. ఆ సాయంత్రం పత్తి పెట్టుకునే పని లేదు. తల్లి తినకుండానే పడుకుంది.

మర్నాడు సభలో వాయించాడు. ఆగాల్సిన చోట చేయి ఆగింది. ఆ నిశ్శబ్దంలో జనం కండువాలతో కళ్లు తుడుచుకున్నారు. ముందు వరసలో రబియాబీ కూడా కొంగు కళ్లకు అద్దుకుని, పక్కనున్న స్వరాజ్యం మేడం వైపు వంగింది.

"మనసు పిండినట్టున్నది మేడం. ఎవరి పాట గిది?"