జాజు పాట

ఉలిగప్ప పోయాడన్న కబురు తెల్లవారుతూనే వచ్చింది. బీరప్ప ముఖమైనా కడుక్కోకుండా బ్యాండు యజమాని వెంకోబరావు ఇంటికి పోయి వాకిట్లో నిలబడ్డాడు.

"అయ్యా, మాపటికి ఉలిగప్పను మట్టికి తీస్కపోతరు. బ్యాండు రావాలె."

"అయ్యో పాపం! వానంత బాకా ఊదేటోడు ఈ సింధనూరుల ఇంకోడు లేడు" అన్నాడు వెంకోబరావు. చచ్చినవాడి కళ్లు చారెడు! నిన్నమొన్నటిదాకా "ఆ దగ్గు ఆపుకొని ఊదరా" అని కసిరింది ఈ నోరే. "కానీ బీరప్పా, పెండ్లి బాజా పీనుగు ముందల మోగితే మళ్ల ఎవరన్న పిలుస్తరా? అండ్ల ఇయ్యాల ఆంధ్రోళ్ల క్యాంపుల శివరామకృష్ణయ్యగారి బిడ్డ పెండ్లి. ఎదురుకోలుకు నువ్వు లేకుంటే ఎట్ల?"

సాక్సోఫోను వెంకోబరావుది. ఎర్రకోటు వెంకోబరావుది. లోపల ఊపిరి ఒక్కటే బీరప్పది. ఆ ఊపిరి అప్పుడు మండిపోతోంది.

ఇరవై ఏళ్ల కిందట సికింద్రాబాదులో తెల్లదొరలు డాన్సు చేసే హాలు ఒకటుండేది. అక్కడ కుర్చీలు మోస్తూ మోస్తూ, బీరప్ప, ఉలిగప్ప ఇద్దరూ ఒక గోవా మాస్టరు దగ్గర ఊదడం నేర్చారు. మాస్టరు "జాజ్" అన్నాడు. ఉలిగప్ప చెవికి అది జాజుగా వినబడింది.

"ఏందిరా, మనింట్ల గడపకు పూసే జాజా? గట్లనే ఉన్నది, తడితడిగ, ఎర్రగ!" అని పడీపడీ నవ్వాడు. ఆనాటి నుంచి వాళ్లకది జాజు పాట. కాగితం మీద రాసుకునే పాట కాదది. సాక్సోఫోను అడగాలి, బాకా జవాబు చెప్పాలి. ఆ పాట పుట్టిన దేశంలో బ్యాండువాడు చస్తే తోటివాళ్లే ఊదుతూ సాగనంపుతారనీ, పోయేటప్పుడు ఏడుపు పాట, వచ్చేటప్పుడు ఆట పాట అనీ మాస్టరు చెప్పాడు. ఉలిగప్ప అక్కడికక్కడే చెయ్యి చాపి మాట తీసుకున్నాడు. "నేను ముందుపోతే నువ్వు ఊదు. నువ్వు పోతే నేను."

దొరలు పోయారు, హాలు మూతబడింది. సింధనూరుకు కాలువ నీళ్లొచ్చాయి, ఆంధ్ర రైతులొచ్చి పొలాలు కొని క్యాంపులు కట్టుకున్నారు, వరి పండింది, పెళ్లిళ్లు ఘనమయ్యాయి. ఇద్దరూ వచ్చి ఈ బ్యాండులో చేరారు. ఏనాడైనా నడుమ ఒక జాజు ముక్క కలిపితే "ఏంటయ్యా ఆ ఏడుపు? సినిమా పాట వెయ్యి!" అని ఎవడో ఒకడు అరిచేవాడు. పన్నెండేళ్లు సినిమా పాటలే ఊదారు, పాపిష్టి పాటలు!

బీరప్ప చావింటికి పోయాడు. ఉలిగప్ప భార్య హనుమమ్మ ఏడవడం లేదు, తిడుతోంది.

"ఎన్నొందల పెండ్లిండ్లు ఊదిండన్నా! ఊపిరంత మంది ఇండ్లకే పోసె. ఆయన పోతాంటె మాత్రం ఒక్క బాజా లేదా? థూ! పొద్దు వాలకముందే కాలువ గట్టు మీదికెల్లి తీస్కపోతున్నం. నువ్వన్న వస్తవా?"

కాలువ గట్టు! క్యాంపుకు దారి కూడా అదే. బీరప్ప అక్కణ్నుంచి తిన్నగా పోయి ఎర్రకోటు తొడుక్కున్నాడు.

మగపెళ్లివారు గట్టు మీద లారీలు దిగారు. పన్నీరు చల్లుతుంటే బ్యాండు ముందు నడిచింది. అంతలో ఎదురుగా పాడె వచ్చింది.

"శవం ఎదురైతే మంచిదేలెండి, పక్కకి జరగండి" అన్నాడు పెళ్లికూతురి తండ్రి శివరామకృష్ణయ్య. "బ్యాండు ఆపండయ్యా."

వెంకోబరావు చెయ్యెత్తాడు. అన్ని బాజాలూ ఆగాయి. బీరప్ప ఆగలేదు. వరసలోంచి బయటికి వచ్చి, పాడె ముందు నిలబడి జాజు పాట ఎత్తుకున్నాడు.

ఒక మాట అడిగి ఆగాడు. బాకా జవాబు చెప్పాల్సిన చోటు అది. జవాబు లేదు. మళ్లీ అడిగాడు. మళ్లీ ఆగాడు. ఆ ఖాళీలో హనుమమ్మ మొదటిసారి గొల్లుమంది. మూడోసారి అడిగినప్పుడు వెనక నుంచి క్లారినెట్టు పంపన్న, ఆ పాట ఎన్నడూ నేర్వనివాడు, తప్పో ఒప్పో జవాబు ఊదాడు. డ్రమ్ము కలిసింది. పాడె వాళ్ల నడుమ నుంచే సాగిపోయింది.

అది దాటగానే బీరప్ప ఆట పాటకు మళ్లాడు, మాస్టరు చెప్పినట్టే. వెంకోబరావు పళ్లు కొరుకుతున్నాడు. కానీ పెళ్లికొడుకు స్నేహితులు తువ్వాళ్లు గాలిలో తిప్పుతూ గంతులు మొదలుపెట్టారు. "ఒన్స్ మోర్! ఒన్స్ మోర్!"

పెళ్లికొడుకు మేనమామ చెన్నకేశవరావు బీరప్ప భుజం తట్టాడు. "భలే ఊదావయ్యా! ఇన్నాళ్లూ ఈ పాట ఎక్కడ దాచావు? మళ్లీ వెయ్యి, విడిదిదాకా ఇదే వాయించాలి!"

వెంకోబరావు ముఖం చటుక్కున వెలిగింది. "ఊదు బీరప్పా, అయ్యగారు అడుగుతున్నరు, ఊదు!"

బీరప్పకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"అయ్యగారూ, ఈ పాట ఒక్కతూరే. మళ్ల కావాలంటె మీ ఇంట్ల ఒకడు సావాలె."

తువ్వాళ్లు తిరగడం ఆగింది. పన్నీరుబుడ్డి పట్టుకున్న ఆడమనిషి చెయ్యి అలాగే నిలిచిపోయింది. బీరప్ప సాక్సోఫోను తీసి వెంకోబరావు మెడలో తగిలించాడు. ఎర్రకోటు విప్పి అతని చేతిలో పెట్టాడు. చిల్లుల బనీనుతో పాడె వెనక నడిచిపోయాడు. అతను గట్టు దిగేదాకా వెనక ఒక్క బాజా కూడా మోగలేదు.