బాపయ్య మాస్టారి మూడు భాషల పుస్తకం

మా ఊళ్లో బాపయ్య మాస్టారంటే పెద్ద పండితుడని పేరు. హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతాడు, మెడలో కండువా తీయడు. జపాను భాషా, స్పెయిను భాషా, ఇంగ్లీషూ అక్కాచెల్లెళ్లని, ఆ ముగ్గురికీ తల్లి మన తెలుగని పుస్తకం రాశాడట. అబ్బో! సింగరాయకొండ స్టేషను దాటి మద్రాసు కూడా చూసి ఎరగడా మహానుభావుడు.

ఆ పుస్తకంలోని మాటలన్నీ ఏరినవాడు మా ఆయన రంజాన్. ఇరవై ఏళ్లు సరుకు ఓడల్లో వంట చేశాడు. రేవు రేవునా దిగి కూరగాయలు బేరమాడుతూ, విన్నమాట విన్నట్టే నోటుబుక్కులో రాసుకునేవాడు. ఇంటికొచ్చినప్పుడల్లా నాకు చదివి వినిపించేవాడు. రొట్టెను జపానువాళ్లూ పాన్ అంటారు, స్పెయినువాళ్లూ పాన్ అంటారు. మన బొత్తాం ఒకరికి బోతాన్, ఒకరికి బొతోన్, దొరలకు బటన్. సబ్బు షబోన్, హబోన్, సోప్. పొగాకు మూడుచోట్లా తబాకో, టొబాకో అంటూ ఇంచుమించు ఒకటే.

"వాళ్లకీ వీళ్లకీ చుట్టరికమేంటయ్యా?" అని అడిగాను.

"చుట్టరికం లేదు, గాడిదగుడ్డూ లేదు. పూర్వం స్పెయిను పక్కనుండే పోర్చుగీసు ఓడలవాళ్లు జపాన్లోనూ మన దగ్గరా సరుకుతో పాటు మాటల్ని కూడా దించిపోయారే. మా ఓడ పనివాళ్ల పెద్ద, గోవా సరంగు చెప్పాడు. నువ్వు రోజూ తొడిమలు తీసే మిరపకాయ కూడా అట్లా ఓడ దిగిందే" అన్నాడు.

వంటవాడికి తెలిసిన ఆ పాటి సంగతి మాస్టారికి తెలియలేదు. మిరపకాయ అనాదిగా మనదే అంటాడు! చూసి ఇస్తానని నోటుబుక్కు పట్టుకెళ్లి ఏడాదైనా ఇవ్వలేదు. అడగబోతే, "పుస్తకంలో నీ పేరు కూడా వేస్తాలేవోయ్ రంజాన్" అన్నాడు. ఆ ఒక్క ముక్కకే మా ఆయన కరిగిపోయాడు. దగ్గు పట్టుకుని ఓడ పని పోయింది. ఇంకేం మిగిలింది పాపం ఆ మనిషికి? అచ్చులో పేరు చూసుకోవాలని ఒకటే ఆశ.

పుస్తకం అచ్చయ్యాక గ్రంథాలయంలో మాస్టారికి సన్మానం పెట్టారు. నేను మిరపకాయల కొట్లో పని మానుకుని, మండే చేతుల్తోనే వెళ్లాను. అట్ట మీద బాపయ్య ఒక్కడే ఉన్నాడు. లోపల తిరగేసి చూస్తే రంజానూ లేడు, గింజానూ లేడు. మా ఆయన మాత్రం "చివర్లో ఉంటుందేమోలే" అంటున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

మాస్టారు లేచి గొంతు సవరించుకున్నాడు. "మూడు భాషలకూ ఉమ్మడిగా ఉన్న మాటలు సరిగ్గా ఏడువందల ఎనభై ఆరు! ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు!" అన్నాడు. ముందు వరసలో చప్పట్లే చప్పట్లు.

వెనక మా సాయిబులు నిలబడ్డచోట మా వీధి ఖాదర్ వలి పడీపడీ నవ్వాడు. ఏ కాగితం మొదలుపెట్టినా దేవుడి పేరు తలిచే బిస్మిల్లాకు బదులు పైన 786 అని వేసుకోవడం మా అలవాటు. మా ఆయనా నోటుబుక్కు మొదటి పేజీలో అదే వేసుకున్నాడు. ఈ పెద్దమనిషి అది మాటల లెక్క అనుకున్నాడు! దొంగిలించినవాడు సరుకెంతో ఒకసారి ఎంచి చూసుకోవద్దూ?

"మాస్టారూ, ఆ అంకె మా పొలం కాగితాల మీద కూడా ఉందండి! అందులో ఎన్ని జపాను మాటలున్నాయో కాస్త చూసిపెట్టండి!" అని ఖాదర్ వలి అరిచాడు.

హాలంతా గొల్లుమంది. అధ్యక్షుడు పుస్తకం తెరిచి వేలు పెట్టి ఎంచితే అరవై మూడు తేలాయి. "అసలు ఇవి ఎవరు ఏరారండీ?" అని అడిగాడాయన. మాస్టారు కండువాతో మొహం తుడుచుకుంటున్నాడు. నేను మా ఆయన్ని మోచేత్తో పొడిచాను. తల దించుకుని చొక్కా బొత్తాం తిప్పుకుంటున్నాడు. ఇక నేనే అరిచాను, "ఇదిగో, మా ఆయన ఏరాడండీ!" అని.

రెండు వారాలకి మాస్టారి ఇంటి నుంచి మా ఇంటికి పుస్తకాల కట్టలు వచ్చాయి. వాటితో పాటు అచ్చేసిన చిన్న చిన్న కాగితాలు రెండొందలు. "ఈ గ్రంథానికి కొన్ని మాటలు అందించిన ఒక వంటవానికి కృతజ్ఞతలు." అంతే. ఒక వంటవాడట! పైగా అవి ఒక్కో పుస్తకంలో అంటించే చాకిరీ కూడా మా ఆయనకే పెట్టాడు. సిగ్గు ఉండక్కర్లా?

మా ఆయన సంబరంగా మైదా జిగురు ఉడకబెట్టుకుని, వాకిట్లో చాప పరుచుకుని కూర్చున్నాడు. "చూశావా జోహరా, ఇది నా గురించే" అన్నాడు.

"నీ గురించని ఎవరికి తెలుస్తుందయ్యా? ఊళ్లో వంటవాళ్లకేమన్నా కరువా?"

"పేరెందుకులేవే. ఆ వంటవాణ్ణి నేనేగా."

ఏడుపూ కోపమూ కలిసొచ్చాయి నాకు. మూడో క్లాసు చదువుకున్నదాన్ని. కలం లాక్కుని, అతను అంటించిన ప్రతి కాగితం మీదా వంటవాని పక్కన రంజాన్ అని రాయడం మొదలుపెట్టాను. వంకర అక్షరాలే. మాస్టారు చూస్తే చూడనీ. మా ఆయన వద్దంటాడేమో, అంటే ఈ కలంతోనే పొడుద్దామని చూస్తున్నాను. వద్దనలేదు. జిగురు చెయ్యి తుడుచుకుని, ఇంకో పుస్తకం నా ముందుకు జరిపాడు.

పదో పుస్తకం అయ్యాక నెమ్మదిగా అన్నాడు, "ముందు షేక్ అని కూడా పెట్టవే."