బాలామణి ముందు పెట్టిన గొట్టం

నేను ఒక గొట్టాన్ని. టీవీ వాళ్లు నాయకుల నోటి ముందు పెడతారే, ఆ మైకుని. మా పట్టణంలో నన్ను మైకు అన్నవాళ్లు తక్కువ. గొట్టమనే పిలిచారు, తిట్టినా పొగిడినా.

ఢిల్లీలో ఏదో ఇరుకు సందులో పుట్టాను. హైదరాబాద్ చేరాక నా మెడకు ఎర్రటి డబ్బా తగిలించి చానల్ పేరు అంటించారు. అప్పటినుంచి గౌరవమంతా ఆ డబ్బాదే. నా లోపలి వైరు వదులైతే ఎవరూ చూడలేదు గానీ, డబ్బా మీద దుమ్ము పడితే మాత్రం చొక్కాతో తుడిచేవారు. పాతబడ్డాక నన్ను జిల్లాకు తోలేశారు. అక్కడ వేణుమాధవ్ అనే విలేకరి చేతికొచ్చాను. చెడ్డవాడేం కాదు. వార్తలు కడుపు నింపవు కాబట్టి ఫ్లెక్సీల దుకాణం నడుపుకునేవాడు.

మా విలేకరులకో ఆచారం ఉంది. తాను వెళ్లలేనివాడు తన గొట్టాన్ని పక్కవాడికిచ్చి పంపుతాడు. పెళ్లికి రాలేనివాడు చదివింపులు పంపినట్టు. ఆ పక్కవాడు అన్ని గొట్టాలనూ గుత్తిగా పట్టుకుంటాడు. టీవీ చూసేవాళ్లకు అందరూ వచ్చినట్టే.

మునిసిపల్ ఎన్నికలు వచ్చాయి. బీడీలు చుట్టే బాలామణి స్వతంత్ర అభ్యర్థిగా నిలబడింది. పట్టణం చెత్తంతా తెచ్చి వాళ్ల వాడ పక్కన పోయాలని పెద్దలు తీర్మానించారు. దాన్ని ఆపడానికే ఆమె పోటీ. ప్రచారం ముగిసే రోజున ఆమె తప్పుకుందని ఎవరో పుకారు లేపారు. అది అబద్ధమని చెప్పడానికి సాయంత్రం విలేకరులను ఇంటికి పిలిచింది. వేణుమాధవ్‌కు ఆ పూట అర్జెంటు ఫ్లెక్సీలున్నాయి. నన్ను సదయ్య అనే తోటి విలేకరి చేతిలో పెట్టాడు.

"నేను తప్పుకోలే. సచ్చేదాక తప్పుకోను," అంది బాలామణి. "మా ఆయన దగ్గి దగ్గి పోయిండు. బీడీ దుమ్ము సాలదని మా పిల్లలకు చెత్త పొగ గూడ పెడ్తరా?"

భర్త మాట వచ్చేసరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

టీవీ డెస్కుకు ముందు బొమ్మ కావాలి, మాట తర్వాత వెళ్లినా నడుస్తుంది. సదయ్య ఆమె కళ్లు తుడుచుకునే ముక్కనే ముందు గొట్టాలిచ్చిన వాళ్లందరికీ ఫోన్లో పంపాడు. వేణుమాధవ్ దాన్ని హైదరాబాద్‌కు తోశాడు. "దేని గురించి?" అని డెస్కు అడిగితే, "పోటీ నుంచి తప్పుకునే ముచ్చటే సార్," అన్నాడట, ఫ్లెక్సీ కత్తిరిస్తూనే. అది అబద్ధం కాదు. నాకు ఒళ్లు మండేది అందుకే.

కాసేపటికే తెర మీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి. 'కన్నీళ్లతో తప్పుకున్న బాలామణి'. పైన ఆమె ముఖం, ఆ ముఖం ముందు నేను. తతిమ్మా చానళ్లు మమ్మల్ని చూసి ఎత్తుకున్నాయి. గొట్టాల ముందు ఏడ్చింది కదా, ఇంకేం సాక్ష్యం కావాలి?

ఆమె అల్లుడు మైకు కట్టిన ఆటోలో బయల్దేరబోతే పోలీసులు ఆపేశారు. ప్రచారం గడువు అయిపోయింది మరి. టీవీకి మాత్రం గడువు లేదు. బాలామణి ఇంటింటికీ నడిచింది.

"టీవీల సూసినం గద బాలక్కా, నువ్వు ఏడ్వంగ. మల్ల గిట్లంటవేంది?" అన్నారు వాకిట్లో నిలబడ్డవాళ్లు.

మనిషి ఎదురుగా నిలబడి చెబుతుంటే తెరను నమ్మారు. ఆ వాడలో సగంమంది ఓటు వేయడానికే పోలేదు. ఆమె ఓడిపోయింది. పోలింగ్ అయ్యాక మా చానల్ సవరణ వేసింది. అది తెర అడుగున, బంగారం ధర పక్కన, ఒక్కసారి పరుగెత్తి పోయింది.

తర్వాత చానల్ చేతులు మారింది, డబ్బా రంగు మారింది. వేణుమాధవ్ నన్ను దుకాణంలోని చెత్తతో పాటు ఊడ్చేశాడు. బండి నన్ను తెచ్చి బాలామణి వాడ పక్కనే గుమ్మరించింది. ఇక్కడ పొగ ఆరదు. ఆ ఇళ్లలోంచి పిల్లల దగ్గు వినిపిస్తూనే ఉంటుంది. నాకు చెవులు మూసుకునే వీలు లేదు.

మొన్న ఒక కొత్త విలేకరి అమ్మాయి ఈ పొగ మీద వార్త చేయడానికి వచ్చింది. బాలామణి ముక్కుకు కొంగు కట్టుకుని నా పక్కనే నిలబడింది. బాగా చిక్కిపోయింది.

"మీరు గెలిస్తే ఈ చెత్త ఆగుతుండె గదమ్మా," అని ఆ అమ్మాయి జాలిగానే అడిగింది. "మరి అప్పుడెందుకు తప్పుకున్నరు?"

బాలామణికి దగ్గు తెర వచ్చింది. అది తగ్గేలోపు కెమెరా పొగ వైపు తిరిగింది.

"నేను తప్పుకోలే బిడ్డా," అంది.

ఆ మాటకు దగ్గరగా ఉన్న గొట్టాన్ని నేనే. నా వైరు ఎప్పుడో తెగిపోయింది.