తువ్వాల కింద బూట్లు

నోటికి తాళం వేసుకొని మూడేళ్ల జైలు కొనితెచ్చుకునే మనిషి ఉంటాడని నీలి ఎన్నడూ అనుకోలేదు. తీరా చూస్తే అట్లాంటివాడు తన మొగుడే అయ్యాడు.

జాల్యా తన ఆటోలో నకిలీ పత్తి గింజల పాకెట్లు తండాల్లో పంచాడు. నకిలీవని తెలిసీ కిరాయికి ఆశపడ్డాడు. పట్టుబడ్డ రోజే ఎస్సైకి అంతా చెప్పేశాడు. మొగుళ్లపల్లి దిక్కు, ఆ గింజలిచ్చిన షావుకారు గోదాము చూపించాడు. తొలకరి పడకముందే ఇంటింటికీ తిరిగి పాకెట్లన్నీ వాపసు తెచ్చాడు. కానీ పోలీసులకు చెప్పినోడంటే తండాలో తలెత్తుకోలేనని, కింది కోర్టులో ఆ ముచ్చటే ఎత్తనివ్వలేదు. మూడేళ్లు పడ్డాయి.

అప్పీలు వేసి, బెయిలు మీద ఇంటికొచ్చాక నీలి గట్టిగా పట్టుబట్టింది.

"మన పంచాయితిల తప్పు ఒప్పుకున్నోనికి దండుగ సగమే గదా. గీ కోర్టుల జర చెప్పుకుంటె ఏం బోతది?"

"ఇజ్జత్ బోతది."

"జైల్ల గూసుంటె పెరుగుతదా?"

మర్నాడే తమ అప్పీలు చూస్తున్న వకీలు సరళ దగ్గరికి పోయింది. సరళ ఎస్సై రాసిన కాగితాలు తెప్పించి చదివి, తల పట్టుకుంది. "గింత ముచ్చట ఇన్నొద్దులు ఏడ దాచిండమ్మా?"

"కడుపుల దాచిండు మేడం."

తీర్పు రోజున మహబూబాబాద్ కోర్టుకు తండా పెద్ద రెడ్యా పదిమందిని వెంటేసుకొని వచ్చాడు. వాళ్లను చూసి జాల్యా బోనులో ముడుచుకుపోయాడు.

జడ్జి తెలుగులోనే చెప్పారు: "నేరం నేరమే, అది కొట్టెయ్యను. కానీ ఇతను పోలీసులకు సహకరించడం వల్ల అసలు దొంగ దొరికాడు, రైతుల పంట దక్కింది. కింది కోర్టు ముందుకు ఈ విషయం రాలేదు. ఇప్పటికే జైల్లో ఉన్న నాలుగు నెలలే శిక్షగా సరిపెడుతున్నాను."

నీలి సరళ కొంగు పట్టుకుంది. "అంటే, మేడం?"

"అంటే ఇంటికి పోవుడే!"

బయటికొచ్చాక జాల్యా తల వంచుకొని రెడ్యా ముందు నిలబడ్డాడు. "మామా, పోలీసోళ్లకు చెప్పింది నేనే."

"తెల్వదా మాకు? పాకెట్లకు వచ్చిననాడు నీ ఆటోల తువ్వాల సుట్టుకొని గూసున్నదెవరు?"

"మా... మా సుట్టపాయన."

"సుట్టానికి పోలీసు బూట్లేందిరా? నువ్వు పాకెట్లు మోస్తుంటె, మా ఇంటిది గోరీ చాయ్ ఇచ్చుకుంట 'ఎస్సై సారూ, చక్కెర సరిపోయిందా' అని గూడ అడిగె!"

అందరూ పడీ పడీ నవ్వారు. జాల్యా నోరు తెరిచాడు. "మరి ఒక్కరన్న చెప్పరాయె?"

"నువ్వు సిగ్గుపడుతున్నవని ఊకున్నం. కోర్టుకు గూడ తెల్సనే అనుకున్నం."

నీలికి కోపమూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. మొగుడి వీపు మీద ఒక్కటి చరిచి, "ఇగ తియ్యి ఆటో!" అంది.

రెడ్యా తలకు తువ్వాల చుట్టుకొని వెనక సీట్లో దర్జాగా కూర్చున్నాడు. "పోనియ్యి. ఎవలన్న అడిగితె సుట్టపాయన అని చెప్పు."